చూపు లేనివారికి మాట్లాడే కంప్యూటర్



కంటి ఆరోగ్యం అనగానే మనకు శుక్లాలు, ఆపరేషన్లు, కళ్ళద్దాలు గుర్తుకు వస్తాయి. 2018 ఆగస్టు 15న తెలంగాణలో కంటి వెలుగు కార్యక్రమం మొదలైంది. 2023 జనవరిలో రెండో విడత జరిగింది. ఊరూరా శిబిరాలు పెట్టి కళ్ళు పరీక్షించి అద్దాలు ఇచ్చారు. చాలామంది పెద్దవాళ్ళు మళ్ళీ బైబిలు, పత్రిక చదువుకోగలిగారు. అందుకు సంతోషమే.

అయితే అద్దాలకు, ఆపరేషన్‌కు లొంగని జబ్బులు కూడా ఉన్నాయి. నీటికాసుల వల్ల పోయిన చూపు తిరిగి రాదు. షుగరు చాలాకాలం అదుపు తప్పితే కంటి లోపలి రెటీనా పొర దెబ్బతింటుంది. రేచీకటితో మొదలై ఏళ్ళ తరబడి చూపును తగ్గించే వంశపారంపర్య రెటీనా జబ్బులు మేనరికపు పెళ్ళిళ్ళు ఉన్న కుటుంబాలలో ఎక్కువగా కనబడతాయి. కొందరు పుట్టుకతోనే చూపు లేకుండా పుడతారు. "ఇక చూపు రాదు" అని డాక్టరు చెప్పిన రోజున ఆ ఇంట్లో చాలా సంగతులు ఆగిపోతాయి. అమ్మాయిని బడి మాన్పిస్తారు. లెక్కలు రాసే ఉద్యోగం చేసిన ఆయన అరుగు మీద కూర్చుండిపోతాడు. చదవడం, రాయడం కళ్ళతోనే జరిగే పని, కాబట్టి అది ముగిసిందని అందరూ అనుకుంటారు.

అది ముగియలేదని చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాము. స్క్రీన్ మీద ఉన్నదంతా పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఉంది. దాన్ని పైసా ఖర్చు లేకుండా తెచ్చుకోవచ్చు. తెలుగు కూడా చదువుతుంది. మన పెబ్బేరు నెట్ సెంటర్‌లో ఉండేలాంటి మామూలు కంప్యూటరే దానికి చాలు.

స్క్రీన్ రీడర్ అంటే ఏమిటి?

ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ను స్క్రీన్ రీడర్ అంటారు. ఇందులో రెండు భాగాలు ఉంటాయి. మొదటిది స్క్రీన్ మీద ఏముందో, మనిషి ఇప్పుడు ఎక్కడున్నాడో కనిపెట్టేది. రెండవది ఆ అక్షరాలను గొంతుగా మార్చి పలికేది. చూపు లేనివారు మౌస్ వాడరు, ఎందుకంటే బాణం గుర్తు ఎక్కడుందో వారికి కనబడదు. కీబోర్డు ఒక్కటే వాడతారు. ఒక్కో కీ నొక్కినప్పుడు ఆ అక్షరం వినబడుతుంది. బాణం కీలతో కిందికి దిగితే ఒక్కో వరుస చదువుతుంది. తప్పు టైపు చేస్తే చెవికి తెలుస్తుంది, వెనక్కి వెళ్ళి దిద్దుకోవచ్చు.

దీనికి ఒక ముఖ్యమైన షరతు ఉంది. పెబ్బేరు బస్టాండును తలచుకోండి. బస్సు ముందు బోర్డు ఉంటుంది, చూపున్నవారు చదువుకుంటారు. చూపు లేని మనిషికి ఆ బోర్డు పనికిరాదు. కండక్టరు దిగి "వనపర్తి, వనపర్తి" అనో "కర్నూలు, కర్నూలు" అనో కేక వేస్తేనే అది ఏ బస్సో ఆయనకు తెలుస్తుంది. కండక్టరు నోరు మెదపకపోతే బస్సు వచ్చిన చప్పుడు వినబడుతుంది గాని అది ఎక్కడికి పోతుందో తెలియదు.

కంప్యూటర్‌లోని ప్రతి ప్రోగ్రాము కూడా అటువంటి బస్సే. తనలోని బటన్లకు, ఖాళీ గళ్ళకు, బొమ్మలకు అక్షరాలలో పేర్లు పెట్టి ఉంచితే స్క్రీన్ రీడర్ అడిగినప్పుడు ఆ పేర్లు చెబుతుంది. "ప్రింట్ బటన్" అనీ "మీ పేరు రాసే గడి" అనీ వినబడుతుంది. ప్రోగ్రాము రాసినవారు పేర్లు పెట్టకపోతే "బటన్, బటన్, బటన్" అనే వినబడుతుంది. కాబట్టి స్క్రీన్ రీడర్ ఎంత మంచిదైనా సరిపోదు. మిగతా ప్రోగ్రాములు కూడా చూపు లేనివారిని మనసులో పెట్టుకుని తయారు కావాలి.

ఖరీదైన వస్తువు ఉచితం ఎలా అయింది?

స్క్రీన్ రీడర్లు కొత్తవి కావు. జాస్ అనే పేరున్న స్క్రీన్ రీడర్ 1989లోనే వచ్చింది. చాలా మంచిదని పేరు, ఇప్పటికీ వాడుతున్నారు. అయితే దాని ధర సుమారు వెయ్యి అమెరికన్ డాలర్లు ఉండేది. కంప్యూటర్ కంటే దానితో మాట్లాడించే సాఫ్ట్‌వేర్‌కే ఎక్కువ డబ్బు పెట్టవలసి వచ్చేది. చూపున్న మనిషి మానిటరు చూడటానికి వేరే డబ్బు కట్టడు గదా! చూపు లేనివారు మాత్రం అదే పనికి అంత డబ్బు కట్టవలసి వచ్చింది.

ఈ అన్యాయం ఆస్ట్రేలియాలోని మైకేల్ కర్రన్ అనే యువకుడిని ఆలోచింపజేసింది. ఆయనకు కూడా చూపు లేదు. 2006లో ఆయన స్వయంగా ఒక స్క్రీన్ రీడర్ రాయడం మొదలుపెట్టాడు. దాని పేరు ఎన్‌వీడీఏ. ఆయన మిత్రుడు జేమ్స్ తే వచ్చి చేతులు కలిపాడు. ఆయన కూడా అంధుడే. చిన్నతనంలో చూపు లేని పిల్లల కోసం జరిగిన సంగీత శిబిరంలో వీరిద్దరికీ పరిచయమైంది. 2007లో ఇద్దరూ కలిసి ఎన్‌వీ యాక్సెస్ అనే లాభాపేక్ష లేని సంస్థను స్థాపించారు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు తయారుచేసే మొజిల్లా ఫౌండేషన్ తొలినాళ్ళలో ధనసహాయం చేసింది. ఈనాడు ఎన్‌వీడీఏ యాభైకి పైగా భాషలలోకి వెళ్ళింది. చాలా దేశాలలో చూపు లేనివారు దాన్ని వాడుతున్నారు. ఇప్పటికీ ఉచితమే. కలిగినవారు ఇచ్చే విరాళాలతో ఆ పని సాగుతోంది.

ఇటువంటి దాన్ని ఓపెన్ సోర్స్ అంటారు. మన పల్లెల్లో మంచి వేరుశనగ విత్తనం ఒకరి దగ్గర ఉంటే పక్క రైతుకు ఇస్తారు. ఆయన తన పొలంలో వేసుకుంటాడు, మేలైనది ఏరి పెట్టుకుంటాడు, మరొకరికి ఇస్తాడు. ఇచ్చినవాడికి తరుగు లేదు. ఓపెన్ సోర్స్ కూడా అంతే. సాఫ్ట్‌వేర్ ఎలా రాశారో అందరికీ కనబడేటట్టు ఉంచుతారు. ఎవరైనా తీసుకోవచ్చు, బాగుచేయవచ్చు, తమ భాషను చేర్చవచ్చు, తిరిగి పంచవచ్చు. తెలుగులాంటి భాషలకు ఇది చాలా మేలు. మన భాష మాట్లాడే గొంతు కోసం ఏ పెద్ద కంపెనీ దయకూ కాచుకొని ఉండనక్కరలేదు.

లినక్స్ మీద ఓర్కా

ఎన్‌వీడీఏ విండోస్ కంప్యూటర్ల మీద పనిచేస్తుంది. విండోస్ మాత్రం కొనుక్కోవలసినదే. కంప్యూటరు నడిపే మూల సాఫ్ట్‌వేర్ కూడా ఉచితంగా కావాలంటే లినక్స్ ఉంది. మన రాష్ట్రంలో స్వేచ్ఛ అనే స్వచ్ఛంద సంస్థ లినక్స్‌ను తెలుగులో తీసుకురావడానికి 2005 నుండి కృషి చేసింది.

లినక్స్ మీద స్క్రీన్ చదివి వినిపించేది ఓర్కా. దీన్ని సన్ మైక్రోసిస్టమ్స్ అనే కంపెనీలో పనిచేసిన మార్క్ మల్కహీ మొదలుపెట్టాడు. ఆయనకు కూడా చూపు లేదు. 2006 సెప్టెంబరు నుండి గ్నోమ్ అనే ప్రసిద్ధ లినక్స్ డెస్క్‌టాప్‌తో పాటే ఓర్కా రావడం మొదలైంది. అంటే విడిగా తెచ్చి పెట్టనవసరం లేదు. 2010లో ఆ కంపెనీని ఒరాకిల్ కొనుక్కుంది. ఈ పని చేస్తున్న ఉద్యోగులలో చాలామందిని తీసివేశారు. మామూలుగా అయితే ఓర్కా అక్కడితో మూలపడేది. కాని అది అందరి సొత్తు కాబట్టి జోన్‌మరీ డిగ్స్ అనే ఆమె ముందుకు వచ్చి ఆ బాధ్యత భుజాన వేసుకుంది. అందువల్లనే ఓర్కా ఈనాటికీ బ్రతికి ఉంది.

ఉచితం అయితే సరిపోదు

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఉచిత సాఫ్ట్‌వేర్ అంతా చూపు లేనివారికి అనుకూలంగా ఉంటుందని అనుకోరాదు.

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్ర ప్రభుత్వం 2005లో ఒక నిర్ణయం ప్రకటించింది. 2007 జనవరి 1 నుండి తమ కార్యాలయాల పత్రాలను ఓపెన్‌డాక్యుమెంట్ అనే బహిరంగ పద్ధతిలో దాచుకోవాలని అనుకుంది. ఖర్చు తగ్గుతుంది, ఒక కంపెనీ మీద ఆధారపడే అవసరం పోతుంది. అంతా మంచి ఆలోచనే. అయితే చూపు లేనివారు, ఇతర వికలాంగులు అభ్యంతరం చెప్పారు. ఆనాటి ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేర్ వారి స్క్రీన్ రీడర్లతో సరిగా పనిచేసేది కాదు. ఆ మార్పు అలాగే జరిగితే వారు తమ ఉద్యోగం చేయలేరు. మంచి ఉద్దేశంతో చేసిన పనిలో వారిని ముందుగా అడగడం జరగలేదు.

వారి మాట వృథా కాలేదు. వికలాంగుల అవసరాలు తెలిసినవారితో ఒక ఉపసంఘం వేశారు. లోపాలు ఏరి చూపారు. 2007లో వచ్చిన 1.1 వెర్షన్‌లో ఆ సవరణలు చేర్చారు. నేడు లిబ్రే ఆఫీస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చూపు లేని మనిషి ఉత్తరం రాసి, లెక్కల పట్టీ తయారుచేసి ప్రింటు తీయగలుగుతున్నాడంటే ఇటువంటి పోరాటాలు కూడా ఒక కారణం.

యెరికో దారి పక్కన కూర్చున్న బర్తిమయిని మనమందరం ఎరుగుదుము. జనులు అతణ్ణి ఊరకుండుమని గద్దించారు. ప్రభువు మాత్రం నిలిచి, అతణ్ణి పిలిపించి, తనకేమి కావాలో ముందుగా అతణ్ణే అడిగాడు. సాఫ్ట్‌వేర్ రాసేవారికైనా, కుటుంబానికైనా, సంఘానికైనా ఈ వరుస మంచిది. ముందు అడగాలి, తరువాత చేయాలి.

తెలుగు సంగతి ఏమిటి?

ఈ-స్పీక్ అనే ఉచిత గొంతు ఎన్‌వీడీఏతో పాటే వస్తుంది. ఇంగ్లండుకు చెందిన జోనథన్ డడింగ్టన్ దాన్ని రాశాడు. 2015 నుండి ఈ-స్పీక్ ఎన్‌జీ అనే పేరుతో ఇతరులు కొనసాగిస్తున్నారు. అది పలికే భాషలలో తెలుగు కూడా ఉంది. నిజం చెప్పాలంటే ఆ గొంతు మనిషి గొంతులా ఉండదు, యంత్రం మాట్లాడినట్టు ఉంటుంది. మొదటి రోజు విన్నవారు "ఇదేం తెలుగు!" అంటారు. కొన్నాళ్ళు వింటే చెవి అలవాటు పడుతుంది. అలవాటైనవారు మనకు ఒక్క ముక్క కూడా అర్థం కానంత వేగంగా పెట్టుకుని వింటారు. కాబట్టి మొదటి వారంలోనే విసుగు చెంది మానవద్దు.

అసలు చిక్కు గొంతులో కంటే ఎక్కువగా మన టైపింగులో ఉంది. డీటీపీ సెంటర్లలో తెలుగు టైపు చేయడానికి అను వంటి పాత ఫాంట్లు ఏళ్ళ తరబడి వాడారు. పెళ్ళి పత్రికలు, కరపత్రాలు, పాటల కాగితాలు ఎక్కువగా అలాగే తయారయ్యాయి. ఆ ఫాంట్లలో కంటికి తెలుగు అక్షరమే కనబడుతుంది. కాని కంప్యూటర్ లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. వాటికి తెలుగు అక్షరాల ముసుగు వేశారు, అంతే. స్క్రీన్ రీడర్ ముసుగును చూడదు, లోపల ఉన్నదే చదువుతుంది. అందువల్ల అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు వినబడతాయి.

యూనికోడ్ పద్ధతిలో అలా కాదు. అందులో "అ" అనే అక్షరానికి ప్రపంచమంతటా ఒకే సంఖ్య. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్ నుండే తెలుగుకు చోటు ఉంది. యూనికోడ్‌లో టైపు చేసిన తెలుగును ఏ స్క్రీన్ రీడర్ అయినా గుర్తుపట్టి చదవగలదు. మనం ఫోనులో వాట్సాప్‌లో తెలుగు టైపు చేసేది యూనికోడ్‌లోనే.

ఫొటో తీసిన కాగితం, స్కాన్ చేసిన పేజీ కూడా ఇటువంటిదే. అది బొమ్మ, అందులో అక్షరాలు లేవు. బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టి బయటకు తీసే టెసరాక్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. తెలుగును కూడా గుర్తుపడుతుంది, అయితే అక్కడక్కడ తప్పులు పోతాయి. ముద్ర మసకగా ఉంటే తప్పులు ఎక్కువ. మొదటే అక్షరాలుగా ఇస్తే ఈ తంటా ఉండదు.

ఇంట్లో ఎలా మొదలుపెట్టాలి?

1. విండోస్ ఉన్న కంప్యూటరు ఒకటి చాలు. ఎన్‌వీడీఏను ఎన్‌వీ యాక్సెస్ వారి సొంత సైటు నుండే దించుకోండి. వేరే చోట్ల దొరికేవాటిలో వైరస్ ఉండవచ్చు. దించుకోవడానికి డబ్బు అడగరు, విరాళం ఇష్టం ఉంటేనే ఇవ్వవచ్చు.

2. సొంత కంప్యూటర్ లేనివారు దాన్ని పెన్ డ్రైవ్‌లో పెట్టుకోవచ్చు. బడిలోనో స్నేహితుని ఇంట్లోనో ఆ కంప్యూటర్ యజమాని అనుమతితో పెన్ డ్రైవ్ నుండే నడిపించుకోవచ్చు.

3. ముందుగా కీబోర్డు నేర్చుకోవాలి. ఎఫ్, జె అక్షరాల కీల మీద వేలికి తగిలే చిన్న గీత ఉంటుంది. రెండు చూపుడు వేళ్ళు అక్కడ పెడితే మిగతా కీలు ఎక్కడున్నాయో లెక్క తెలుస్తుంది. ఇన్సర్ట్, 1 కీలు కలిపి నొక్కితే నేర్చుకునే పద్ధతి మొదలవుతుంది. అప్పుడు ఏ కీ నొక్కినా దాని పేరు మాత్రమే చెబుతుంది, ఏమీ చెడిపోదు. అవే కీలు మళ్ళీ నొక్కితే మామూలుగా అవుతుంది.

4. రోజుకు నాలుగైదు ఆదేశాలకంటే ఎక్కువ నేర్పవద్దు. కంట్రోల్ కీ నొక్కితే మాట ఆగుతుంది. ఇన్సర్ట్, కింది బాణం కలిపి నొక్కితే ఉన్నచోటి నుండి చివరివరకు చదువుతుంది. ఇన్సర్ట్, టి నొక్కితే ఏ ప్రోగ్రాములో ఉన్నామో చెబుతుంది. ఇన్సర్ట్, ఎఫ్12 నొక్కితే టైము చెబుతుంది. వెబ్ పేజీలో హెచ్ కీ నొక్కితే ఒక శీర్షిక నుండి ఇంకో శీర్షికకు పోవచ్చు.

5. లినక్స్‌లో గ్నోమ్ డెస్క్‌టాప్ అయితే సూపర్, ఆల్ట్, ఎస్ కీలు కలిపి నొక్కితే ఓర్కా మాట్లాడటం మొదలుపెడుతుంది. విండోస్ గుర్తు ఉన్న కీనే అక్కడ సూపర్ అంటారు.

6. పక్కన కూర్చుని నేర్పేవారు చేయి పట్టుకుని కీలు నొక్కించవద్దు. నోటితో చెప్పండి. ఆలస్యమైనా వారే నొక్కాలి. "నువ్వుండు, నేను చేసి పెడతా" అనే మాట ప్రేమతో అన్నా వారి చేతులు కట్టేస్తుంది.

7. హెడ్‌ఫోన్ వాడేటప్పుడు శబ్దం తక్కువగా ఉంచండి. పక్క మనిషి మాట కూడా వినబడాలి. చూపు లేనివారికి చెవులు ఎంతో విలువైనవి. బ్యాంకు పనులు చేసేటప్పుడు మాత్రం హెడ్‌ఫోన్ పెట్టుకోవాలి, లేకపోతే ఓటీపీ గదంతా వినబడుతుంది. పిన్ నంబరు నేర్పేవారికి కూడా చెప్పనక్కరలేదు.

తరచుగా అడిగే ప్రశ్నలు

కంప్యూటర్ చూస్తే ఉన్న కాస్త చూపు కూడా పోతుందా?

పోదు. స్క్రీన్ వల్ల కళ్ళు పొడిబారవచ్చు, అలసిపోవచ్చు. మధ్యమధ్య విరామం ఇస్తే సరిపోతుంది. కొద్దిపాటి చూపు ఉన్నవారు అక్షరాలు పెద్దవి చేసుకుని వాడవచ్చు. విండోస్ కీ, ప్లస్ గుర్తు కలిపి నొక్కితే స్క్రీన్ పెద్దదిగా కనబడుతుంది. నల్లటి నేల మీద తెల్లటి అక్షరాలు పెట్టుకుంటే కొందరికి హాయిగా ఉంటుంది.

కంప్యూటర్ ఉంటే పిల్లలకు బ్రెయిలీ అవసరం లేదా?

రెండూ కావాలి. వినడం వల్ల కథ తెలుస్తుంది గాని అక్షర దోషాలు, ఒత్తులు, లెక్కలు వేలి కింద ఉంటేనే బాగా వస్తాయి. మన దేశ భాషలన్నిటికీ కలిపి భారతి బ్రెయిలీ అనే పద్ధతి 1951 నుండి ఉంది, తెలుగు బ్రెయిలీ అందులోనిదే. లిబ్‌లూయీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెలుగును బ్రెయిలీ చుక్కలుగా మారుస్తుంది. ఎన్‌వీడీఏ దాన్నే వాడుతుంది. అయితే చుక్కలు పైకి లేచే బ్రెయిలీ యంత్రాలు ఇంకా ఖరీదే. చాలా ఏళ్ళ షుగరు వల్ల వేళ్ళకు తిమ్మిరి వచ్చిన పెద్దవారికి చుక్కలు తెలియకపోవచ్చు. వారికి వినే పద్ధతే అనుకూలం.

ఫోను ఉండగా కంప్యూటర్ ఎందుకు?

ఆండ్రాయిడ్ ఫోనులో టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్ ఉంటుంది, అది కూడా ఉచితమే. మాట్లాడటానికి, మెసేజీలకు అది చాలు. పెద్ద ఉత్తరం రాయాలన్నా, లెక్కలు వేయాలన్నా, ఆఫీసులో పనిచేయాలన్నా కీబోర్డు ఉన్న కంప్యూటరే కావాలి.

చదివితే ఉపయోగం ఉంటుందా?

మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో పేద రైతు కుటుంబంలో చూపు లేకుండా పుట్టిన శ్రీకాంత్ బొల్ల హైదరాబాదులో దేవ్‌నార్ అంధుల పాఠశాలలో చదివారు. పదో తరగతి తరువాత సైన్సు తీసుకోవడానికి నిబంధనలు ఒప్పుకోవని చెప్పారు. ఆయన కోర్టు దాకా వెళ్ళి అనుమతి తెచ్చుకున్నారు. పాఠాలను ఆడియోగా మార్చుకుని విని చదివారు. అమెరికాలోని ఎం.ఐ.టి.లో సీటు పొందారు. తిరిగి వచ్చి 2012లో హైదరాబాదులో కంపెనీ పెట్టి వికలాంగులకు పని ఇచ్చారు. అందరూ శ్రీకాంత్ అవుతారని మేము చెప్పము. చదువు చెవి ద్వారా కూడా లోపలికి వెళుతుందని మాత్రం ఆయన జీవితం రుజువు చేసింది.

2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ ఉద్యోగాలలో కనీసం 4 శాతం వికలాంగులకు కేటాయించాలి. అందులో 1 శాతం అంధులకు, చూపు బాగా తక్కువ ఉన్నవారికి. వైకల్యం 40 శాతం లేదా అంతకు మించి ఉన్నట్టు ధ్రువపత్రం ఉండాలి. చట్టం తలుపు తీస్తుంది. లోపలికి వెళ్ళాక పని చేయడానికి కంప్యూటర్ వచ్చి ఉండాలి.

చదవడానికి పుస్తకాలు ఎక్కడివి?

చూపు లేనివారి కోసం పుస్తకాలను వారు చదవగలిగే రూపంలోకి మార్చుకోవడానికి వీలు కల్పించే మరాకేష్ ఒప్పందం 2013లో కుదిరింది. 2014లో దాన్ని అందరికంటే ముందుగా ఆమోదించిన దేశం మన భారతదేశమే. 2016లో సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం ప్రారంభమైంది. చూపు లేనివారు పేరు నమోదు చేసుకుని అందులోని పుస్తకాలు తీసుకోవచ్చు.

సంఘం ఏమి చేయగలదు?

ఖర్చు లేకుండా ఈ వారమే మొదలుపెట్టగల పనులు కొన్ని ఉన్నాయి.

ఆరాధన సమయాలు, కూటాల కబుర్లు వాట్సాప్‌లో రంగుల పోస్టరుగా పంపడం అలవాటైంది. పోస్టరు బొమ్మ కాబట్టి చూపు లేని సహోదరుని ఫోను దాన్ని చాలాసార్లు సరిగా చదవలేదు. పోస్టరు కింద అదే సంగతి రెండు వరుసలలో టైపు చేసి పెట్టండి. ఆయన ఎవరినీ అడగకుండా తెలుసుకుంటాడు.

కొత్తగా టైపు చేయించే పాటల కాగితాలు, సండే స్కూలు పాఠాలు యూనికోడ్‌లో చేయించండి. డీటీపీ సెంటరులో "యూనికోడ్‌లో చేసి, ఆ ఫైలు కూడా ఇవ్వండి" అని అడిగితే చాలు. ఆ ఫైలుతో చూపు లేని అమ్మాయి కూడా ఆదివారం ముందే పాట నేర్చుకుని వస్తుంది.

యౌవనస్థులలో కంప్యూటర్ తెలిసినవారు చాలామంది ఉన్నారు. కళ్ళకు గంతలు కట్టుకుని, మౌస్ పక్కన పెట్టి, ఒక గంట ఎన్‌వీడీఏతో పనిచేసి చూడండి. తరువాత మీ ఊరిలో చూపు లేనివారు ఎవరైనా ఉంటే వారింటికి వెళ్ళి వారికి ఏమి కావాలో అడగండి. ఒకరికి బైబిలు వినాలని ఉంటుంది. ఇంకొకరికి పోటీ పరీక్షలకు చదవాలని ఉంటుంది. మరొకరికి కూతురికి సొంతంగా ఉత్తరం రాయాలని ఉంటుంది. ఎవరికి కావలసినది వారికే నేర్పండి.

ముందుగా చేయించుకోవలసినవి

ఈ సాఫ్ట్‌వేర్ వైద్యానికి బదులు కాదు. "కంప్యూటర్ ఉందిగా" అని కంటి పరీక్ష మానుకోవద్దు. చూపు తగ్గిన ప్రతి ఒక్కరికీ ముందుగా కంటి డాక్టరు పరీక్ష జరగాలి, ఎందుకంటే శుక్లమైతే ఆపరేషన్‌తో చూపు వస్తుంది. షుగరు ఉన్నవారు చూపు బాగున్నా ఏడాదికి ఒకసారి రెటీనా చూపించుకోవాలి. ఇంట్లో ఒకరికి నీటికాసులు ఉంటే రక్తసంబంధీకులందరూ పరీక్ష చేయించుకోవాలి.

నాగర్‌కర్నూల్ జిల్లా తూడుకుర్తిలో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వారి కేంద్రం ఉంది. చూపు తిరిగి రానివారికి హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ సంస్థలో పునరావాస విభాగం ఉంది. నడక, ఇంటి పనులు, కంప్యూటర్ వంటివి అక్కడ నేర్పుతారు. చిన్న పిల్లలకైతే 1991లో డాక్టర్ సాయిబాబా గౌడ్ స్థాపించిన దేవ్‌నార్ వంటి పాఠశాలలు ఉన్నాయి. పరీక్ష చేయించుకుని వైకల్య ధ్రువపత్రం, యు.డి.ఐ.డి. కార్డు తీసుకోవడం మరువకండి.

చూపు పోయిన మనిషి మౌనంగా ఉంటే అలవాటు పడ్డాడని మనం అనుకుంటాము. చాలాసార్లు అది లోపల క్రుంగిపోవడం. ఆకలి, నిద్ర తగ్గినా, బ్రతకాలని లేదని అన్నా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చెప్పండి. ఏదో ఒక పని చేతికి తిరిగి రావడం కూడా మందులతో పాటు మేలు చేస్తుంది. తన పేరు తానే టైపు చేసి, దాన్ని తన చెవులతో విన్న రోజున ఆ మనిషి ముఖం ఎలా ఉంటుందో మీరే చూడండి.

మీ ఇంట్లోగాని, మీ వీధిలోగాని చూపు లేనివారు ఉంటే ఈ పత్రికను వారికి పైకి చదివి వినిపించండి. తరువాతి సంచికను వారే సొంతంగా చదువుకునే ఏర్పాటు చేయండి. దేవుడు మీ కుటుంబాలను దీవించును గాక.